బిరడా, గేరా? తీగను అడగాలి

మా పెద్దమ్మ వీణ పక్కన ఎప్పుడూ రెండు వస్తువులు ఉండేవి: చిన్న గిన్నెలో కొబ్బరినూనె, ఒక సుద్దముక్క. నూనె ఎడమచేతి వేళ్లకు, సుద్ద తీగలను బిగించే కొయ్య బిరడలకు. ఈ రెండూ తారుమారైతే ఆ పూట పాఠం లేనట్టే. ఒకసారి తీగ తెగితే నేనే మారుద్దామని బిరడ బయటికి లాగి, ఆ నూనె చేతులతోనే మళ్లీ దూర్చాను. ఇక అది నిలబడితే ఒట్టు. సారణిని, అంటే మొదటి తీగను, షడ్జానికి తెచ్చి చెయ్యి తియ్యడం, బిరడ గిర్రున వెనక్కి తిరగడం, తీగ నీరసంగా వేలాడటం. పెద్దమ్మ తిట్టలేదు. బిరడ పీకి, పాత నూలుగుడ్డతో దాన్నీ, అది దూరే రంధ్రాన్నీ శుభ్రంగా తుడిచి, సుద్ద రుద్ది, "తిప్పితే చాలదురా, లోపలికి నొక్కుతూ తిప్పాలి" అంది. బిరడల గురించి నేను విన్న మొదటి పాఠం అది. ఇన్నేళ్లలో అంతకంటే పొట్టిగా చెప్పినవాళ్లు కనబడలేదు.

మొన్నామధ్య మా అక్క కూతురు డాలస్ నుంచి వీడియో కాల్‌లో తన కొత్త వీణ చూపించింది. పనస చెక్క, కొసన యాళి అనే మృగం ముఖం, మైనం మీద ఇరవైనాలుగు మెట్లు, అన్నీ మామూలే. కానీ యాళి పక్కన, నాలుగు అసలు తీగలకు కొయ్య బిరడలు లేవు. వాటి చోట గేరుతో తిరిగే, తళతళలాడే గిటార్ కీలు.

"అదేంటే, వీణకు గిటారు చెవులు పెట్టారు?" అంది పెద్దమ్మ.

"అమ్మమ్మా, దీన్ని నేనే శ్రుతి చేసుకుంటాను. పాతదానికి ప్రతిసారీ నాన్న రావాలి."

ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. ఈ వాదన మన ఇళ్లలోదే కాదు. ఐరోపాలో లూట్ వాయించేవాళ్లు, అరబ్బు, టర్కీ దేశాల్లో ఊద్ వాయించేవాళ్లు, వయొలిన్ వాళ్లు, అందరూ ఎప్పుడో ఒకప్పుడు దీన్లోకి దిగినవాళ్లే. పైకి పాతకూ కొత్తకూ తగవులాగే కనిపిస్తుంది. నా మటుకు నాకు ఇందులో తీర్పు చెప్పాల్సింది తీగ. అది దేనితో చేసింది, ఎంత సాగుతుంది, వాయించేటప్పుడు దాన్ని ఎంత లాగుతాం అన్నది తేలితే బిరడ కావాలో గేరు కావాలో చాలావరకు తేలిపోతుంది.

కొయ్యలో కొయ్య

లూట్ అంటే నిలువునా కోసిన బేరిపండు లాంటి పొట్ట, పొట్టి మెడ, మెడ చివర దాదాపు లంబకోణంలో వెనక్కి విరిచినట్టుండే బిరడల పెట్టె. అరబ్బుల 'అల్ ఊద్' ఐరోపా చేరి లూట్ అయింది. వాద్యాలను వర్గీకరించేవాళ్లు మన వీణను కూడా ఈ పెద్ద కుటుంబంలోనే, పొడవు మెడ శాఖలో పెడతారు. రూపాల్లో పోలిక తక్కువే కానీ బిరడ పనిచేసే తీరు మాత్రం అందరికీ ఒక్కటే.

బిరడ చూడ్డానికి గుండ్రటి పుల్లలా ఉంటుంది కానీ అది సన్నటి శంకువు. తల దగ్గర కొంచెం లావు, కొస దగ్గర కొంచెం సన్నం. వయొలిన్ బిరడకు వాడుకలో ఉన్న వాలు ముప్ఫైకి ఒకటి: 30 మిల్లీమీటర్ల పొడవులో మందం ఒక మిల్లీమీటరు తగ్గుతుంది. పెట్టెకు రెండు గోడలు, రెండు గోడల్లోనూ రంధ్రాలు, వాటికీ అదే వాలు. బిరడ రెండు చోట్లా రంధ్రాన్ని చుట్టూ అంటుకుని కూర్చోవాలి. లోపలికి నొక్కితే మేకులా బిగుసుకుంటుంది. కాస్త బయటికి లాగితే వదులై సులువుగా తిరుగుతుంది. శ్రుతి చేసేటప్పుడు చెయ్యి చేసే పని ఇంతే: వదులు చేసి తిప్పడం, తిప్పుతూ తిప్పుతూ నొక్కి వదిలెయ్యడం. స్క్రూ లేదు, స్ప్రింగు లేదు, మొత్తం భారం రాపిడి మీదే.

ఇందులో ఒక చిన్న కిటుకు ఉంది, పాతవాళ్లకు తెలిసిందే. తీగ చుట్లు బిరడ మధ్యలో గుట్టగా పడకుండా, ఒకదాని పక్కన ఒకటి తల వైపు గోడ దాకా నడిచేలా చుట్టాలి. అప్పుడు తీగ బిగువే బిరడను లోపలికి లాగుతూ ఉంటుంది. చుట్లు మరీ గోడను ఒత్తేస్తే బిరడ కదలదు, తిప్పబోతే కీచుమంటుంది. చుట్లు అటువైపు కొసకు పోతే తీగే బిరడను బయటికి తోస్తుంది. జారిపోయే బిరడల్లో సగం కేసులకు కారణం ఈ చుట్టడంలోనే ఉంటుందని నా అనుభవం.

మరి ఇబ్బంది ఎక్కడ? రాపిడికి రెండు ముఖాలున్నాయి. నిలబడి ఉన్న వస్తువును కదిలించడానికి పట్టే బలం ఎక్కువ, కదిలాక దాన్ని నడిపించడానికి పట్టే బలం తక్కువ. బీరువా జరిపినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. మొదట రాదు, రాదు, వచ్చిందంటే ఒక్కసారిగా జానెడు వస్తుంది. బిరడా అంతే. పిసరంత తిప్పుదామని చూస్తే కదలదు, కదిలితే శ్రుతి దాటేస్తుంది. సుద్ద పట్టు పెంచుతుంది, సబ్బు జారుడు పెంచుతుంది. వయొలిన్ వాళ్లు ఈ రెంటినీ సరిపాళ్లలో కలిపినట్టుండే పేస్టు డబ్బాల్లో కొనుక్కుంటారు. సుద్ద ఒక్కటే ఏళ్ల తరబడి రుద్దితే అది ఉప్పుకాగితంలా రంధ్రాన్ని తినేస్తుంది. ఆ సంగతి మా పెద్దమ్మకు నచ్చదు, ఆమె ముందు ఎత్తను.

రెండో ఇబ్బంది గాలిలో తేమ. చెక్క తేమ పీల్చి ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుంటుంది. అది కూడా అన్ని వైపులా సమానంగా కాదు. చెట్టు వలయాల వెంబడి వచ్చే మార్పు, వలయాలకు అడ్డంగా వచ్చే మార్పు కంటే సుమారు రెట్టింపు ఉంటుంది. పొడవునా మాత్రం దాదాపు ఏమీ ఉండదు. అంటే గుండ్రంగా చేసిన బిరడ కాలం మారగానే గుండ్రంగా ఉండదు, కోడిగుడ్డు ఆకారానికి తిరుగుతుంది. రంధ్రమూ తన దారిన తాను సాగుతుంది. విశాఖలో వానాకాలం బిగుసుకుపోయి మొరాయించిన బిరడే, డాలస్‌లో శీతాకాలం హీటర్ వేసిన గదిలో దానంతటది జారిపోతుంది. మా అక్క కూతురి పాత వీణకు పట్టిన రోగం ఇదే. బిరడ చేసిన మనిషి తప్పేమీ లేదు. ఆయన చేసింది బొబ్బిలి గాలికి, అది బతుకుతున్నది టెక్సస్ గాలిలో.

పరుపు మీద పడుకోబెట్టిన లూట్

లూట్ శ్రుతి కష్టాల మీద ఐరోపాలో బోలెడు హాస్యం ఉంది. హాంబర్గ్ సంగీతకారుడు యోహాన్ మాథెసన్ 1713లో అన్నమాట ఇప్పటికీ లూట్ వాయించేవాళ్లను గుచ్చుతూనే ఉంటుంది: లూట్ విద్వాంసుడు ఎనభై ఏళ్లు బతికితే అందులో అరవై ఏళ్లు శ్రుతి చేసుకోవడానికే పోయి ఉంటాయట. ప్యారిస్‌లో లూట్‌ను పోషించే ఖర్చూ గుర్రాన్ని పోషించే ఖర్చూ ఒకటేనని కూడా ఎద్దేవా చేశాడు. ఎర్న్‌స్ట్ గాట్లీబ్ బారోన్ అనే లూట్ విద్వాంసుడు 1727లో దీనికి కోపంగా సమాధానం రాశాడు. కోపం వచ్చిందంటే ఎక్కడో తగిలిందనే కదా.

అంతకుముందే, 1676లో, ఇంగ్లండ్‌లో థామస్ మేస్ లూట్ ఎక్కడ దాచుకోవాలో సలహా చెప్పాడు. పగటిపూట దాన్ని రోజూ వాడే పరుపు మీద, కంబళికీ పైదుప్పటికీ మధ్య పడుకోబెట్టమన్నాడు. ఒంటికి తగిలే దుప్పట్ల మధ్య మాత్రం వద్దు, అక్కడ చెమట తేమ ఉంటుంది. తేమ లేని చోట ఉంటే జిగురు ఊడదు, తీగలు తెగవు, శ్రుతి నిలుస్తుంది అని ఆయన లెక్క. చూసుకోకుండా ఎవరైనా ఆ పరుపు మీద దబ్బున పడితే మంచి మంచి లూట్లు నాశనమైన సంగతి తనకు తెలుసని కూడా హెచ్చరించాడు. ఎండాకాలం కారు డిక్కీలో వీణ పెట్టి, మైనం మెత్తబడి, మెట్లు జరిగిపోయి లబోదిబోమన్నవాళ్లకు ఈ పెద్దాయన బాధ ఇట్టే అర్థమవుతుంది.

ఈ కథలు చెప్పి "చూశారా, కొయ్య బిరడలు ఎంత పనికిమాలినవో" అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. మాథెసన్ వేళాకోళం చేసిన లూట్‌కు ఉన్నవి గొర్రె పేగుతో చేసిన తీగలు. పేగు తీగ చెక్క కంటే ఘోరంగా తేమ పీలుస్తుంది. గదిలోకి పదిమంది వచ్చి కూర్చుంటే వాళ్ల ఊపిరికే శ్రుతి కదులుతుంది. పైగా తీగలు ఆరో ఏడో కాదు. పదకొండు వరుసల లూట్‌కు ఇరవై, ఆ తర్వాత వచ్చిన పదమూడు వరుసల దానికి ఇరవైనాలుగు. ఎక్కువ వరుసలు జంట తీగలు, ఆ జంట మధ్య వెంట్రుకవాసి తేడా వచ్చినా చెవికి తెలిసిపోతుంది. అలాంటి వాద్యానికి బిరడలు తీసి బంగారు గేర్లు బిగించినా అరవై ఏళ్లలో మహా అయితే ఓ ఐదేళ్లు మిగిలేవేమో. ఇప్పుడు చాలామంది లూట్‌కు పేగు బదులు నైలాన్, ఫ్లోరోకార్బన్ లాంటి తేమ అంతగా పట్టని తీగలు వేస్తున్నారు. బిరడలు అవే కొయ్యవి, బాధ మాత్రం చాలా తగ్గింది.

మూడు మిల్లీమీటర్ల లెక్క

ఇక అసలు సంగతి. తీగను శ్రుతికి తేవడమంటే దాన్ని కొంత సాగదీయడం. ఎంత సాగదీయాలన్నది తీగ పదార్థాన్ని బట్టి ఉంటుంది. ఉక్కు పేగు కంటే ముప్ఫై రెట్లకు పైగా గట్టిది, అంటే అంత మొండిగా సాగదు.

వీణ సారణిని తీసుకుందాం. మెట్టు మీద మోగే పొడవు 80 సెంటీమీటర్లు, అటు బిరడకూ, ఇటు రెండో కొసన తీగలు కట్టే నాగపాశానికీ పోయే భాగం కలిపితే మొత్తం ఓ మీటరు అనుకుందాం. మామూలు షడ్జానికి తెచ్చేసరికి ఆ ఉక్కు తీగ మీద పడే లాగుడు సుమారు నాలుగు కిలోల బరువంత. ఆ లాగుడుకు అది సాగేది ఎంత? దాదాపు మూడు మిల్లీమీటర్లు. వదులు పోయిన దగ్గర్నుంచి షడ్జం దాకా మొత్తం ప్రయాణం అంతే, ఒక పెసరగింజ. అందులో అర స్వరం మార్చాలంటే మిల్లీమీటరులో మూడో వంతు చాలు. తీగ చుట్టుకునే చోట బిరడ మందం 9 మిల్లీమీటర్లయితే, ఆ అర స్వరానికి బిరడ తిరగాల్సింది నాలుగైదు డిగ్రీలు. గడియారం పెద్దముల్లు ఒక్క నిమిషంలో 6 డిగ్రీలు తిరుగుతుంది. దానికంటే తక్కువన్నమాట. అర స్వరానికే ఇంత. చెవికి నచ్చేదాకా సరిచేసే ఆ చివరి పిసరు అందులో ఇరవయ్యో వంతు. దాన్ని కదలనని మొరాయించి ఒక్కసారిగా జారే కొయ్యతో తిప్పాలి.

ఇప్పుడు లూట్ మీద సన్నటి పేగు తీగను చూడండి. పొడవు 60 సెంటీమీటర్లు. శ్రుతికి వచ్చేసరికి అది సుమారు రెండున్నర, మూడు సెంటీమీటర్లు సాగుతుంది. అర స్వరానికి మూడు మిల్లీమీటర్ల పైమాటే. సన్నటి లూట్ బిరడ మీద అది యాభై అరవై డిగ్రీలు, పెద్దముల్లు పది నిమిషాల్లో తిరిగేంత. చేతికి బోలెడు చోటు.

ఇక ఉక్కు తీగకు గిటార్ కీ పెడితే? లోపల ఉండేది స్క్రూ లాంటి ఒక మరసీల, దాని పక్కన పళ్ల చక్రం. మనం తిప్పేది సీలను. సీల పదిహేను చుట్లు తిరిగితే తీగ చుట్టుకున్న కడ్డీ ఒక్క చుట్టు తిరుగుతుంది. పద్నాలుగు, పదహారు, పద్దెనిమిది కూడా ఉంటాయి. ఈ లెక్కన అర స్వరానికి వేలు తిప్పేది వంద డిగ్రీల దాకా వస్తుంది.

అంటే ఉక్కు తీగకు గేరు ఇచ్చే వెసులుబాటును, పేగు తీగ తన సాగుడుతో ఉచితంగా ఇచ్చేస్తోంది. లూట్‌కు కొయ్య బిరడలు వందల ఏళ్లు ఎందుకు సరిపోయాయంటే, తీగలోనే గేరు ఉంది కాబట్టి. మాండొలిన్‌కు ఎందుకు సరిపోలేదంటే, తీగ ఉక్కయింది కాబట్టి.

చరిత్ర కూడా ఈ లెక్క ప్రకారమే నడిచింది. 18వ శతాబ్దం రెండో సగంలో లండన్‌లో లోహపు తీగల 'ఇంగ్లిష్ గిటార్' ఒకటి ఫ్యాషన్‌గా ఉండేది. దానికి ప్రెస్టన్ అనే తయారీదారు గడియారం తాళంచెవి లాంటి దానితో తిప్పే యంత్రం బిగించి అమ్మాడు. నేపుల్స్‌లో 1835 ప్రాంతంలో మాండొలిన్‌కు ఉక్కు తీగలు వేసిందీ, కొయ్య బిరడలు తీసి మరసీల కీలు పెట్టిందీ ఒక్కరే అంటారు: పాస్క్వాలే వినాచియా. రెండు మార్పులు ఒకే బల్ల మీద, ఒకే చేతిలో జరిగాయంటే కారణం మనకు తెలిసిందే. ఆ వంశంలో పుట్టిన మాండొలినే తర్వాత విద్యుత్ తీగ తగిలించుకుని, పాలకొల్లు శ్రీనివాస్ చేతిలో కర్ణాటక సంగీతం పలికింది. గేరు కీల వల్ల ఆయన రాగాలకు లోటు వచ్చిందని ఎవరూ అన్నట్టు నేను వినలేదు. వయొలిన్ మధ్యదారి పట్టింది. పై తీగ పేగు నుంచి ఉక్కుకు మారాక, బిరడను కొయ్యగానే ఉంచి, అటు చివర చిన్న మర ఒకటి పెట్టుకుంది. మన కచేరీల్లో వయొలిన్ విద్వాంసులు కీర్తనకూ కీర్తనకూ మధ్య వేలితో సుతారంగా తిప్పేది దాన్నే.

లంగరు ఉండగా

ఇక్కడికొచ్చాక వీణ విచిత్రంగా కనిపించాలి. తీగలు లోహం, బిరడలు కొయ్య. లెక్క ప్రకారం ఇది కుదరని కాపురం. మరి తరతరాలుగా ఎలా సాగింది?

జవాబు కుండ వైపు, అంటే వీణ డొల్లగా ఉండే పెద్ద బుర్ర వైపు, చివర ఉంది. వీణ అసలు తీగలు నాలుగూ, అంటే సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం, నేరుగా నాగపాశానికి కట్టరు. మధ్యలో లంగరు ఉంటుంది. లావుపాటి తీగతో చేసిన చిన్న కొక్కెం లాంటిది, దాని మీద అటూ ఇటూ జరిగే వలయం. బిరడతో శ్రుతిని దగ్గరకు తెచ్చి, మిగిలిన ఆ పిసరును వలయం జరిపి సరిచేస్తారు. తంబూరాకు పూసలు చేసే పనీ అదే. అంటే వయొలిన్ వాళ్లు అటు చివర మర పెట్టుకున్నట్టే మనవాళ్లూ తమ దారిలో తాము పరిష్కారం చూసుకున్నారు, బిరడను దాని మానాన వదిలేసి. బిరడకు పెద్ద పని, లంగరుకు చిన్న పని. లంగరు వాడకుండా మొత్తం శ్రుతి బిరడతోనే చేయాలని కుస్తీ పట్టి, చివరికి "కొయ్య బిరడలు పనికిరావు" అనేవాళ్లను చాలామందిని చూశాను. నేను కూడా రెండేళ్లు ఆ బాపతే. లంగరు దేనికో ఎవరూ చెప్పలేదు, అలంకారం అనుకున్నాను.

అయితే వీణకు లూట్‌కు లేని ఇంకో కష్టం ఉంది: గమకం. లూట్ మీద తీగను నొక్కి మీటడమే. వీణ మీద మెట్టు మీదే తీగను పక్కకు లాగి పై స్వరాలు పలికిస్తాం. ఒకే మెట్టు మీద నాలుగు అర స్వరాల పైకి లాగామనుకోండి, తీగలోని బిగువు సుమారు అరవై శాతం పెరుగుతుంది. నాలుగు కిలోలు ఆరు కిలోల పైకి వెళతాయి. అలా ఒక్కసారి కాదు, తోడి రాగం ఆలాపనలో ఎన్ని వందలసార్లో. ప్రతి లాగుడూ బిరడను వెనక్కి తిప్పాలని చూస్తుంది. పట్టు కాస్త తక్కువైనా అది నూలుపోగంత నూలుపోగంత దిగిపోతూ ఉంటుంది. పట్టు చాలా ఎక్కువైతే సన్నటి సవరింపు అసాధ్యం. రాపిడితో పనిచేసే బిరడను ఈ రెండు కోరికల మధ్య నిలబెట్టడమే వీణ చేసేవాళ్ల పనితనం. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస మొద్దును తొలిచి వీణ చేసే సర్వసిద్ధి వంశంవాళ్ల పని చూస్తే అందరి కళ్లూ నగిషీ మీదకే పోతాయి. నాకైతే ఒక్కో బిరడను దాని రంధ్రానికి పెట్టి, తిప్పి, తీసి, మెరిసిన చోట పిసరు చెక్కి, మళ్లీ పెట్టే ఓపికే గొప్పగా అనిపిస్తుంది. అందుకే ఒక రంధ్రం బిరడ ఇంకో రంధ్రంలో సరిగా కూర్చోదు. తీగలు మార్చేటప్పుడు నాలుగూ ఒకేసారి పీకి కుప్ప పోస్తే మీరే ఏడుస్తారు.

గమకం దగ్గర మరసీలకు తిరుగులేదు. సీల చక్రాన్ని తిప్పగలదు కానీ చక్రం సీలను తిప్పలేదు. తీగను ఎంత లాగినా కడ్డీ వెనక్కి రాదు. గిటార్ కీ పెట్టిన వీణ శ్రుతి నిలుస్తుందనడంలో ఉన్న నిజం ఇదే. దాని లోపమూ ఒకటుంది. పళ్ల మధ్య కొంచెం ఖాళీ ఉంటుంది. శ్రుతి ఎక్కువైందని వెనక్కి తిప్పి అక్కడే ఆపితే, ఆ ఖాళీ మేరకు కడ్డీ తర్వాత జరిగి శ్రుతి దిగుతుంది. అందుకని ఎక్కువైతే బాగా కిందికి దించి, మళ్లీ కిందనుంచి పైకి తెచ్చి ఆపాలి. కొయ్య బిరడకు ఈ ఖాళీ బాధ లేదు, నొక్కి వదిలిన చోట ఉంటుంది.

లూట్‌కు ఇవే కీలు పెట్టి చూడలేదా అంటే, చూశారు. 20వ శతాబ్దం మొదట్లో జర్మనీలో కొండలూ అడవులూ తిరిగే కుర్రకారు భుజాన వేసుకున్న లూట్లు అలాంటివే. పొట్ట లూట్‌ది, ఆరు తీగలు, శ్రుతి, కీలు గిటార్‌వి. పాత సంగీతం మళ్లీ నేర్చుకోవాలని పాత లూట్లను కొలతలు తీసి చేయడం మొదలుపెట్టాక ఆ కీలు పక్కకు పోయాయి. భక్తి వల్లే కాదు, బరువు వల్ల కూడా. మంచి లూట్ కిలో లోపే తూగుతుంది. ఒక్కో కీ ముప్ఫై గ్రాములనుకున్నా ఇరవైనాలుగింటికి 720 గ్రాములు, అంతా మెడ చివర. ఒళ్లో పెట్టుకుంటే తల నేలకు వాలిపోతుంది. వీణకు ఈ సమస్య లేదు. దాని బరువు ముందు నాలుగు కీలు లెక్కలోకి రావు.

ఈ మధ్య వచ్చిన మూడో రకం చూస్తే ముచ్చటేస్తుంది. బయటికి అచ్చం నల్లచెక్క బిరడే, గేర్లు కడ్డీ లోపల దాగి ఉంటాయి. నిల్లింగ్ వాళ్లవి నాలుగుకు ఒకటి, విట్నర్ వాళ్లవి ఎనిమిదిన్నరకు ఒకటి. చెక్కను పట్టుకుని ఉండే భాగం తిరగదు, తిరిగేది తీగ చుట్టుకునే కడ్డీ. కాబట్టి రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి మారినా దానికి పట్టదు. వేళ్ల కీళ్లు నొప్పిచేసి లూట్ పక్కన పెట్టేసే దశకు వచ్చినవాళ్లకు ఇది వరమే. వీణకు మాత్రం ఇది కొని తెచ్చి దూర్చేసేది కాదు. వీణ బిరడ లావు, ఒక్కో ఊరి కొలత ఒక్కో రకం. వయొలిన్ కొలతలకు చేసినది మన రంధ్రంలో గలగలమంటుంది.

ఇదంతా విన్నాక "మరి మా పిల్ల వీణకు కీలు పెట్టించమంటారా?" అని అడిగేవాళ్లకు నేను చెప్పేది ఇది. ముందు బిరడ పీకి చూడండి. దాని మీద రెండు చోట్ల, రెండు గోడలు తగిలే చోట, చుట్టూ సమానంగా మెరుపు ఉండాలి. ఒక్కచోటే మెరిసి రెండోచోట మట్టిరంగుగా ఉంటే అది ఒంటికాలి మీద నిలబడినట్టే. వీణలు చేసే పనివాడు రీమర్ అనే రంధ్రం చెక్కే పనిముట్టుతో దాన్ని సరిచేసి బిరడ కూర్చోబెడితే ఇరవై ఏళ్లు మాట్లాడదు. తర్వాత మేరువు మీద, అంటే బిరడల వైపు తీగలు ఆనే గట్టు మీద, తీగ గాడి చూడండి. అక్కడ తీగ ఇరుక్కుంటే బిరడ తిప్పినా శ్రుతి కదలదు, కాసేపాగి టిక్కుమని ఎగురుతుంది. తిట్లు మాత్రం బిరడకు. చుట్లు ఎలా పడ్డాయో చూడండి. లంగరు వలయం తుప్పుపట్టి జరగకుండా ఉందేమో చూడండి. ఇవన్నీ బాగుండి కూడా బిరడ నిలవకపోతే, వీణ రోజూ ఏసీ గదికీ బయటికీ తిరిగేదైతే, వాయించేది పదేళ్ల పిల్ల అయితే, నిస్సంకోచంగా కీలు పెట్టించండి. కొత్త వీణకైతే ముందే చెప్పి చేయించుకోవచ్చు. పాత వీణకు మాత్రం తొందర వద్దు. కీల కోసం బిరడల పెట్టెకు ఒకసారి వేరే బెజ్జాలు పడ్డాక మళ్లీ కొయ్య బిరడలకు రావడం పెద్ద పని. ఒకే మొద్దుతో చేసిన ఏకాండి వీణకు ఆ చెక్క వేరేగా దొరకదు కూడా. అసలు తీగల పక్కన తాళానికి మీటే తాళం తీగలు మూడింటికీ కొయ్యే చాలు. వాటి మీద గమకం లేదు, దండి పక్కన అవి నిశ్శబ్దంగా తమ పని చేసుకుపోతాయి.

పోయిన నెల మా అక్క కూతురు మళ్లీ ఫోన్ చేసింది. కీలు బ్రహ్మాండంగా ఉన్నాయి కానీ పంచమం ఎంత తిప్పినా చివరి పిసరు కుదరడం లేదట. పెద్దమ్మ ఫోన్ లాక్కుని, కెమెరా కుండ వైపు పెట్టమంది.

"అదిగో, నాగపాశం దగ్గర చిన్న ఉంగరం ఉంది చూడు. దాన్ని గోటితో కొంచెం జరుపు. అంత కాదు. సగం. ఆఁ... ఆగు. ఇప్పుడు మీటు."